మచ్చలు ఉండనీయండి

మా ఊరి పేరు మీదనే మొదటి టచింగ్ జరిగింది. పాలమూరు అని పిలిచే ఊరికి 1890 డిసెంబర్ 4న ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టి మహబూబ్‌నగర్ అన్నారు. నూటముప్పయి ఏళ్ళు దాటినా పల్లెల్లో బస్సెక్కే ముసలవ్వ ఇంకా పాలమూరు టికెట్టే అడుగుతుంది. బతుకుదెరువు కోసం దేశమంతా తిరిగే మట్టిపనివాళ్ళకు పడ్డ పేరు కూడా పాలమూరు లేబరే, మహబూబ్‌నగర్ లేబర్ కాదు. రాజు పేరు కాగితం మీద నిలిచింది, పాత పేరు నోటి మీద నిలిచింది.

ఊరికి ఈ కొత్త పేరు పడుతున్న రోజుల్లోనే హైదరాబాద్ రాజ్యంలో ఫోటోల్లోని ముఖాలకు నునుపు పెట్టే పని కూడా జోరందుకుంది. ఈ రెండో టచింగ్ గురించే మేం రాయదలిచాం. ఎందుకంటే ఇవాళ మా ఇళ్ళల్లో, సందుగుల అడుగున, పాత బట్టలో చుట్టిపెట్టిన తాతల ఫోటోలు ఒకటొకటే బయటికొస్తున్నాయి. మనుమళ్ళు వాటిని పట్టుకొని స్టూడియోలకు పోతున్నారు. కొందరు స్టూడియోకు కూడా పోవడం లేదు, సెల్‌ఫోన్‌లోనే సాఫు చేస్తున్నారు. చెదలు తిన్న మూల బాగుపడితే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ చేయి అక్కడ ఆగడం లేదు. మూల నుంచి గోడకు, గోడ నుంచి షేర్వానీకి, షేర్వానీ నుంచి ముఖానికి పోతున్నది. ఎక్కడ ఆగాలి? స్టూడియో ఆయనను అడిగితే, "మీరెక్కడ ఆపమంటే అక్కడ ఆపుతా సాబ్" అంటాడు. ఆయన చెప్పింది న్యాయమే. జవాబు చెప్పవలసింది మనమే.

హైదరాబాద్‌లో ఫోటో అంటే మొదట చెప్పుకోవలసిన పేరు లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో కొలువు చేస్తూ కెమెరా పట్టాడు. 1880లలో ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికిందరాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా బేగంల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు దొరసాని చేతికి అప్పగించాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు ఆ పర్యటనంతా ఆల్బమ్ చేశాడు. 1905లో పోయాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొన్నది. ఇవాళ 'నిజాం కాలం' అనగానే మన కళ్ళ ముందు కదిలే బొమ్మలు చాలావరకు ఆ పలకల మీదివే. చచ్చిన పులుల పక్కన తుపాకితో నిలబడ్డ నిజాం, ఆభరణాల అమీర్లు, దీపాల హాళ్ళు.

నిజాం ఆయనకు 'ముసవ్విర్ జంగ్' అని బిరుదు ఇచ్చాడు. ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ముసవ్విర్ అంటే రూపం దిద్దేవాడు, బొమ్మ చేసేవాడు. ఖురాన్‌లో అల్లాహ్ పేర్లలో అది ఒకటి. అందుకే బొమ్మ గీయడం మీద మన పెద్దలకు ఆ జంకు. ప్రాణమున్నదాని రూపం దిద్దే పని దిద్దినవాడిదే, మనిషికి తగదు అని. ఫోటో వచ్చాక ఉలమాల మధ్య పెద్ద చర్చే నడిచింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ లాంటివారు, ఫోటో చేత్తో గీసింది కాదు, అద్దంలో పడ్డ నీడను పట్టి నిలిపిందే కనుక తప్పులేదన్నారు. మన దేశంలో దేవ్‌బంద్ పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు. ఉర్దూలో ఫోటోను 'అక్స్' అనడంలో కూడా ఈ చర్చ దాగి ఉంది. అక్స్ అంటే ప్రతిబింబం. మేము మౌల్వీలం కాదు, ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. కానీ తర్కం ప్రకారం ఒక మాట అడగొచ్చు. నీడే కనుక ఫర్వాలేదన్నప్పుడు, ఆ నీడ మీద పెన్సిల్ పెట్టి ముక్కు సన్నం చేసినవాడు మళ్ళీ ముసవ్విర్ అయినట్టే కదా? ఫోటోను ఒప్పుకున్న వాదనే టచింగ్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. నమాజు గదిలో ఫోటో పెట్టొద్దని గట్టిగా పట్టుబట్టే ఇంట్లోనే, ఉన్న ఫోటోలో దాదాను తెల్లగా చేయించాలని అంతే గట్టిగా పట్టుబట్టడం మేం చూశాం.

టచింగ్ అనేది కంప్యూటర్‌తో వచ్చిన జబ్బు కాదు. 1855లో పారిస్ ప్రదర్శనలోనే మ్యూనిక్ ఫోటోగ్రాఫర్ హాన్‌ఫ్‌స్టెంగ్ల్ నెగెటివ్ మీద దిద్దుబాటు చేసి, దిద్దకముందు ముఖం, దిద్దిన తర్వాత ముఖం పక్కపక్కన పెట్టి చూపించాడు. జనం నోరు తెరిచారు. అప్పటినుంచి ముఖం ఉన్నదున్నట్టు రావడం ఫోటోగ్రాఫర్ చేతకానితనం కింద లెక్క అయింది.

పని ఎట్లా జరిగేదో ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక చెప్పాలి. ఏటవాలు బల్ల, మధ్యలో గాజు, కింద అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి పైకి తిరిగి నెగెటివ్‌ను వెలిగిస్తుంది. నెగెటివ్ నునుపుగా ఉంటే పెన్సిల్ పట్టదు కనుక, టర్పెంటైన్‌లో కరిగించిన జిగురు పూత ఒకటి పలచగా రుద్దుతారు. తర్వాత సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చిన్న చిన్న చుక్కలు, కామాలు. గంటల తరబడి. ఆ పని చేసిన ముసలి కళాకారులకు కళ్ళజోడు అద్దాలు మందంగా ఉండేవి.

ఇందులో ఒక కిటుకు ఉంది. నెగెటివ్‌లో అంతా తలకిందులు. ముఖం మీది ముడత, గుంట, మచ్చ కాగితం మీద నల్లగా వస్తుంది, నెగెటివ్‌లో మాత్రం పలచగా ఉంటుంది. ఆ పలచటి చోట పెన్సిల్ సీసం నింపితే వెలుతురు ఆగి, కాగితం మీద తెల్లబడుతుంది. అంటే పెన్సిల్ తెల్లబరచగలదు, నల్లబరచలేదు. నల్లబరచాలంటే చాకుతో పూతను గీకాలి. అది కష్టం, పైగా చేయి జారితే పలకే పోతుంది. కాబట్టి సులువైన పని తెల్లగా చేయడం. మన సమాజానికి తెలుపు మీద ఉన్న మోజుకు ఈ పనిముట్టు సరిగ్గా సరిపోయింది. గిరాకీ అడిగినా అడగకున్నా చేయి తెలుపు వైపే పోయేది. వందేళ్ళ పాటు లక్షల ముఖాలు ఒకే దిక్కుకు జరిగాయి. పాత ఫోటోలు చూసి, "మన పూర్వీకులు ఎంత తెల్లగా ఉండేవాళ్ళో, అరబ్బునాడు నుంచి వచ్చినవాళ్ళం కదా" అని మురిసేవారికి ఈ సంగతి చెప్పాలి. ఆ తెలుపులో కొంత అరేబియాదేమో గానీ, చాలావరకు పెన్సిల్‌ది.

ఇంతమాత్రాన టచింగ్ అంతా అబద్ధమంటే అది కూడా న్యాయం కాదు. కెమెరా కూడా అబద్ధమాడింది. ఆనాటి పలకలు నీలం వెలుతురుకే స్పందించేవి, ఎరుపును నలుపుగా చూసేవి. 1873లో జర్మనీలో వోగెల్ రంగు కలిపి పలకకు పచ్చదనం చూడటం నేర్పాడు గానీ, ఎరుపు కూడా సరిగ్గా చూసే పలకలు ఇరవయ్యో శతాబ్దంలోనే బజారుకొచ్చాయి. ఎండలో కమిలిన గోధుమరంగు ముఖం ఆ పాత పలక మీద ఉన్నదానికన్నా నల్లగా, మచ్చమచ్చగా పడేది. లేత మచ్చ కూడా పుండులా కనిపించేది. అప్పుడు పెన్సిల్ పట్టినవాడు కొంత మేరకు ఉన్న నిజాన్నే వెనక్కి తెచ్చాడు. మా లెక్కలో అది సరైన టచింగ్. పలక చేసిన తప్పును, కాలం చేసిన గాయాన్ని దిద్దొచ్చు. పేచీ అంతా ఆ తర్వాతి అడుగుతోనే.

ఇప్పుడు మచ్చల సంగతి. మా జిల్లాల పాత ఫోటోల్లో మచ్చలేని ముఖాలు ఉండవలసినన్ని ఉండవు. చేచక్! తెలుగులో అమ్మవారు, మశూచి, స్ఫోటకం. ఈ దేశంలో ఆఖరి కేసు 1975 మేలో గానీ నమోదు కాలేదు. అంతకుముందు పుట్టినవాళ్ళలో ఎందరి ముఖాల మీదనో ఆ గుంటలున్నాయి. ఉర్దూలో 'చేచక్‌రూ' అని ఒక మాటే ఉంది, అంటే మశూచి మచ్చల ముఖమువాడు. పోలీసు హులియాల్లో గుర్తింపు కోసం రాసేవారు. ఆ మచ్చలున్న మనిషి చావును చూసి తిరిగొచ్చిన మనిషి. మా ముత్తవ్వల కథల్లో పిల్లలు పోయిన వరస చెబుతూ, "ఇతను మాత్రం మిగిలిండు" అని వేలు పెట్టి చూపించేది ఆ మచ్చల ముఖాన్నే. స్టూడియోలో ఒక్క నొక్కు నొక్కితే ఆ గుంటలన్నీ పూడిపోతాయి. పూడింది గుంట ఒక్కటేనా? ఆ ఇంటి చావులు, బతుకు, ఆ ఊరి వైద్యం లేమి, అన్నీ పూడినట్టే.

పక్క జిల్లా నల్లగొండలో పళ్ళ కథ. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ తీసేసే పద్ధతికి 1970లలో నాగపూర్ పరిశోధకులు పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. ఒక జిల్లా పేరు ఇట్లా ప్రపంచానికి తెలిసింది. ఆ పల్లెల్లో నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఇప్పటి సెల్‌ఫోన్లు అడగకుండానే పళ్ళు తెల్లగా చేసి చూపిస్తున్నాయి. రేపు ఎవరైనా ఈ ఫోటోలు ముందేసుకొని నల్లగొండ నీళ్ళ చరిత్ర రాయాలనుకుంటే, ఇక్కడ అందరికీ పాలలాంటి పళ్ళుండేవని రాసుకోవాలి.

ముఖం తర్వాత బట్టలు. మా మాట మా వాళ్ళకే చేదుగా ఉండొచ్చు, అయినా అనక తప్పదు. మా స్టూడియోల్లో బాగా అమ్ముడుపోయే సరుకు షేర్వానీ. వెనకట స్టూడియోలో కోటు, టై కొక్కేనికి వేలాడుతుండేవి, దువ్వెన, పౌడరు డబ్బా అద్దం ముందుండేవి. వేసుకొని ఫోటో దిగి విప్పేసి పోయేవాళ్ళు. అదీ ఒక ముచ్చటే. కానీ ఆ ముచ్చట ఫోటోలోని మనిషిది, తనకు తాను వేసుకున్నది. ఇప్పుడు చనిపోయి యాభై ఏళ్ళయిన మనిషికి మనుమడు వేస్తున్నాడు. లుంగీ, బనీను మీద ఉన్న దూదేకుల తాతకు మెడ కిందినుంచి నవాబు ఒళ్ళు అతికిస్తున్నారు. వెనక చార్మినార్. అమెరికాలో కూడా ఈ పని జరిగింది. అబ్రహం లింకన్ నిలువెత్తు బొమ్మ ఒకటి చాలాకాలం చలామణి అయింది. తల లింకన్‌దే, ఒళ్ళు మాత్రం కాల్హన్ అనే నాయకుడిది. బానిసత్వాన్ని రద్దుచేసినవాడి తల, బానిసత్వం ఉండాలన్నవాడి ఒంటి మీద! మా ఇళ్ళల్లో జరుగుతున్నది అంతకన్నా వేరేమీ కాదు. వెట్టి చేసినవాడి తల తెచ్చి, వెట్టి చేయించుకున్నవాడి ఒంటి మీద పెడుతున్నాం.

ఈ దేశంలో ముస్లిం అనగానే సినిమావాళ్ళకు నవాబో, రౌడీనో గుర్తొస్తాడు. 'నాలుగు వందల ఏళ్ళు ఏలినవాళ్ళు' అని దెప్పుతారు. ఎవరు ఏలారు? మేం పత్తి ఏకినం, బీడీలు చుట్టినం, టాంగాలు తోలినం, మాంసం కొట్టినం, పంక్చర్లు వేసినం, నాగార్జునసాగర్ కట్టకు మట్టి మోసినం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ అక్కడ పునాదిరాయి వేసిన ఫోటో ఉంది. రాళ్ళు మోసినవాళ్ళకు విడిగా దిగిన ఫోటో ఒక్కటుందా? ఆ దెప్పుపొడుపుకు సాక్ష్యం మేమే స్టూడియోలో తయారుచేయించి, ఫ్రేం కట్టించి, గోడకు తగిలిస్తున్నాం. ఇంకో విడ్డూరం ఉంది. దూదేకుల, లద్దాఫ్, నూర్‌బాషాలు 1970 నుంచే బీసీ జాబితాలో ఉన్నారు. మిగతా పేద ముస్లిం తెగలకు 2007 చట్టంతో బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చింది. సయ్యదులు, మొఘలులు, పఠాన్లు అందులో లేరు. ఒకే ఇంట్లో గోడ మీద తాత నవాబు, మండలాఫీసు సర్టిఫికెట్‌లో మనుమడు బీసీ. సర్టిఫికెటే నిజం చెబుతున్నది.

ఆడవాళ్ళ ఫోటోల దగ్గర మాట వేరేగా మాట్లాడాలి. జనానా స్టూడియో అమీర్ల బేగంలకు. మా దాదీ, నానీలకు ఏముంది? పెండ్లి ఫోటోలో మగవాళ్ళంతా వరసగా, ఆడవాళ్ళు తెర వెనక. చాలామందికి జీవితంలో మొదటి ఫోటో ఓటరు గుర్తింపు కార్డుదే. శేషన్ హయాంలో 1993లో ఆ కార్డులు మొదలయ్యాయి. లేకుంటే హజ్‌కు పోయినప్పటి పాస్‌పోర్ట్ ఫోటో. సర్కారు ఫోటోకు టచింగ్ పనికిరాదు, మచ్చ ఉంటే మచ్చతోనే దిగాలి. కనుక మా ఆడవాళ్ళ నిజమైన ముఖాలు ఎక్కడైనా మిగిలితే ఆ తపాలాబిళ్ళంత ముక్కల్లోనే మిగిలాయి. బెదిరిన కళ్ళు, ఫోటోగ్రాఫర్ "పైకి చూడమ్మా" అంటే పైకెత్తిన గడ్డం. పోయిన తర్వాత ఆ ముక్కనే పెద్దది చేయిస్తారు. పెద్దదయ్యేసరికి ముఖం పొగమంచు అవుతుంది. అప్పుడు స్టూడియో ఆయన కళ్ళు గీస్తాడు, పెదాలకు రంగు వేస్తాడు, మెడలో హారం వేస్తాడు. ఆ హారం ఆమె ఏనాడూ ఎరగదు. ఉన్న ఒక్క గొలుసు కూతురి జహేజ్‌కే పోయింది. ఇక్కడ మాత్రం మేం కఠినంగా చెప్పలేం. తల్లి ముఖం ఒక్కసారి గోడ మీద పెద్దగా చూసుకోవాలనుకున్న కొడుకుది తప్పని ఎవరనగలరు? ఆ చిన్న ముక్కను పారేయకండి, పెద్ద ఫోటో ఫ్రేములోనే వెనక అతికించకుండా కవరులో పెట్టి ఉంచండి. అంతవరకే మా మనవి.

మనం చేసుకునే టచింగ్ ఇది. మనకు చేసే టచింగ్ ఇంకొకటి. నిజాం కాలపు ఫోటోల్లో హిందువులు, ముస్లింలు ఒకే తీరు షేర్వానీల్లో కనిపిస్తారు. మా జిల్లా మనిషి, హైదరాబాద్ రాష్ట్రానికి 1952లో ఎన్నికై వచ్చిన ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు షేర్వానీ మనిషే. ఫార్సీ, ఉర్దూ పండితుడు కూడా. మహారాజా కిషన్ ప్రసాద్ సంగతి చెప్పనే అక్కరలేదు. ప్రధానమంత్రిగా ఉంటూ 'షాద్' పేరుతో ఉర్దూ కవిత్వం రాశాడు. రూమీ టోపీ అప్పటి చదువుకున్నవాడి టోపీ. ఇవాళ కొన్ని హిందువుల ఇళ్ళల్లో కూడా తాత తల మీది ఆ టోపీని తీసేయించి, జుట్టు దువ్వించి, ఫ్రేం కట్టిస్తున్నారని స్టూడియో మిత్రులే మాకు చెప్పారు. వాళ్ళ ఇంట్లో టోపీ తీస్తున్నారు, మా ఇంట్లో షేర్వానీ తొడుగుతున్నారు. రెండు పనులూ కలిసి ఒకే అబద్ధాన్ని తయారుచేస్తున్నాయి, అప్పుడు వాళ్ళు వేరు, వీళ్ళు వేరు అని.

ముఖాలకే కాదు, మనుషుల కథలకూ ఈ పెన్సిల్ పనే జరుగుతున్నది. షోయబుల్లా ఖాన్ 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టు 21 రాత్రి రజాకార్లు దాడిచేసి, చేయి నరికి, కాల్చారు. సెప్టెంబరు రాగానే ఆయన ఫోటో తీస్తారు. ఉపన్యాసాల్లో ఆయన ఉర్దూ పోతుంది, ఆయన వెనకున్న ప్రజాస్వామిక ఉర్దూ పత్రికల వరస పోతుంది, 'మంచి ముస్లిం' అని ఒక నున్నటి ముఖం మిగులుతుంది. ఇక షేక్ బందగీ. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుకెక్కి గెలిచినవాడు. 1940లో నరికేశారు. ఆయనను తెలంగాణ రైతు వీరుడిగా తలుచుకుంటారు, మంచిదే. కానీ ఆయన ముస్లిం అన్న సంగతి చెప్పడానికి చాలామందికి నోరు రాదు. ఒకరికి ముస్లిం ఒక్కటే మిగిల్చి మిగతాది గీకేస్తారు, ఇంకొకరికి ముస్లిం ఒక్కటే గీకేస్తారు.

ఇప్పుడు పెన్సిల్ పోయింది, యంత్రం వచ్చింది. 2021లో ఒక కంపెనీ పాత ఫోటోల్లోని ముఖాలు కన్నార్పి, తల తిప్పి, నవ్వేలా చేసే సరదా ఒకటి వదిలింది. ఫోటోలు బాగుచేసే యాప్‌లు వరసగా వచ్చాయి. వాటి పనితీరు ఏమిటో తెలుసుకోవాలి. పెన్సిల్ పట్టిన ముసలాయన నెగెటివ్‌లో ఉన్నదాన్నే చూస్తూ దిద్దేవాడు. ఈ యంత్రం అట్లా కాదు. లక్షల ముఖాలు చూసి నేర్చుకున్న వరస ప్రకారం, ఇక్కడ కన్ను ఉండాలి, కన్ను ఇట్లా ఉంటుంది అని ఊహించి కొత్తది పెడుతుంది. పోయింది తిరిగి రాదు. వచ్చింది ఎవరిదో. మసకబారిన నానీ ముఖం యాప్‌లో పెడితే కళ్ళు మెరుస్తూ ఒక ముఖం వస్తుంది. ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఏడ్చేది ఆమెను చూసి కాదు.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలకులు 1975, 1979 మధ్య తువోల్ స్లెంగ్ జైల్లో వేల మందిని చిత్రహింసలు పెట్టి చంపారు. చంపేముందు ప్రతి ఖైదీకి ఫోటో తీశారు. ఐర్లండ్‌లోని ఒక కళాకారుడు ఆ ఫోటోలకు రంగులు వేశాడు. రంగులతో ఆగక కొన్ని ముఖాలకు నవ్వు పెట్టాడు. 'వైస్' పత్రిక 2021 ఏప్రిల్‌లో వాటిని వేసింది. చనిపోయినవారి బంధువులు, కంబోడియా ప్రభుత్వం తీవ్రంగా అభ్యంతరం చెప్పాక తీసేసింది. నవ్వు ఒక చిన్న గీతే. పెదవి చివర రెండు చుక్కలు. ఆ రెండు చుక్కలతో హంతకుడి ఎదుట నిలబడ్డ మనిషి పెండ్లిపేరంటానికి వచ్చినట్టయ్యాడు.

ఈ మాట మనసులో పెట్టుకొనే మేం ఆఖరి సంగతి చెబుతాం. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఈ మధ్య ఒక ఫోటో బయటపడింది. ఖాకీ దుస్తులు, నడుముకు తోలుపట్టీ, పక్కన నిలబెట్టిన తుపాకి. వయసు పాతికకు మించదు. వెనక ఉర్దూలో ఏడాది మాత్రం ఉంది, 1948. నిజాం ఫౌజు మనిషా, పోలీసా, రజాకారా? ఇంట్లో ఎవరూ తేల్చి చెప్పలేదు. చెప్పగలిగిన ముసలామె చెప్పదలచుకోలేదు. మనుమడు దాన్ని స్టూడియోకు తెచ్చి, ఖాకీ తీసేసి షేర్వానీ వేయమన్నాడు, తుపాకి బదులు పూలకుండీ పెట్టమన్నాడు. సలహా కోసం మా దగ్గరికీ వచ్చాడు.

అతని భయం మాకు అర్థమవుతుంది. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైన తర్వాత ముస్లిం పల్లెల్లో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగిన ఊచకోతను నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీయే రాసింది. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చచ్చి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు చీకటి గదిలోనే ఉంచారు, కడిగి బయటపెట్టలేదు. ఖాశిం రజ్వీ చేసిన పాపానికి పత్తి ఏకేవాడు తల ఇచ్చాడు. అట్లాంటి చరిత్ర వెనకున్నప్పుడు గోడ మీద ఖాకీ ఎవరు పెట్టుకుంటారు? ఇంటికొచ్చిన ప్రతివాడికీ జవాబు చెప్పుకోవాలి.

అయినా మేం తీయొద్దనే అన్నాం. అతను రజాకారే అయితే ఆ ఖాకీ మనం మోయవలసిందే. మన ఇంటినుంచి వాళ్ళు కూడా వెళ్ళారన్నది దాచి, బందగీనీ షోయబుల్లానూ మాత్రమే చూపిస్తే మన మాట ఎవరు నమ్ముతారు? మన మీద జరిగిన ఊచకోతకు సాక్ష్యం అడిగే హక్కు కూడా అప్పుడు పలచబడుతుంది. రజాకారు కాకపోతే, నెలజీతం ఫౌజు మనిషే అయితే, ఖాకీ తీసేయడంతో ఆ నిజం తేలే దారి కూడా మూసుకుపోతుంది. దుస్తుల కుట్టు, బొత్తాల గుర్తు, పట్టీ బిళ్ళ చూసి చెప్పగలవాళ్ళు ఇంకా ఉన్నారు. షేర్వానీ చూసి ఎవరేం చెప్పగలరు?

గోడకు పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం వాళ్ళిష్టం. సందుగులో ఉన్నా ఫోటో ఫోటోయే. చివరికి ఆ అబ్బాయి ఒప్పుకున్న పని ఇది. అసలు ఫోటో గాజుకు అంటుకొని ఉంది. లాగితే పూత ఊడిపోతుంది కనుక గాజుతో సహా స్కాన్ చేయించాడు. కాపీ మీద మాత్రం బూజు మరకలు, చెదలు తిన్న మూల, ముఖానికి అడ్డంగా పోయిన మడత తీయించాడు. చెంప మీది చేచక్ గుంటలు నాలుగు, ఖాకీ, తుపాకి అట్లాగే ఉన్నాయి. కాపీ వెనక మెత్తటి పెన్సిల్‌తో, బాల్‌పెన్ సిరా కొన్నాళ్ళకు ముందువైపుకు దిగుతుంది కనుక, తాత పేరు, ఊరు, ఏడాది, ఏమేం తీయించాడో, ఏది తెలియదో రాశాడు. ఉర్దూలో మేం రాసిచ్చాం. అతని పిల్లలు చదివేది తెలుగు మీడియం కనుక కింద తెలుగులో అతనే రాసుకున్నాడు. ముసలామె ఆ ఫోటో చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. గుంటలను వేలితో తడిమి, "ఇది పాలమూరు జాతరప్పుడు పోసింది" అన్నది. ఖాకీ గురించి అప్పుడు కూడా ఏమీ అనలేదు.